డీజిల్ ట్యాంకుల తనిఖీ: నెలనెలా ‘ఓకే’ అని రాసుకుంటే సరిపోతుందా?

యార్డ్ ఇన్‌ఛార్జ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ప్లాంటులో ఆయిల్ స్టోరేజీ బాధ్యత ఈమధ్యే నాకు అప్పగించారు. ఉన్నవేంటో ముందు చెప్తాను. నేల మీద నిలబెట్టిన డీజిల్ ట్యాంకులు రెండు, సాడిల్స్ (ట్యాంకుని మోసే దిమ్మలు) మీద పడుకోబెట్టిన చిన్న డే ట్యాంకు (రోజువారీ వాడకానికి) ఒకటి, షెడ్డులో లూబ్ ఆయిల్ డ్రమ్ములు. పెద్ద ట్యాంకుల నుంచి బాయిలర్ దాకా పైపు వెళ్తుంది, అందులో కొంత భాగం లోపలి రోడ్డు కింద పూడ్చి ఉంది. పెద్ద ట్యాంకుల చుట్టూ డైక్ గోడ (ఆయిల్ కారితే బయటికి పోకుండా ఆపేది), దానికి వాన నీళ్లు వదిలే వాల్వ్ ఉన్నాయి.

పాత ఫైళ్లు తిరగేస్తే నెలనెలా చెక్‌లిస్టు కనబడింది. ప్రతి గడిలో ‘ఓకే’, కింద సంతకం, అంతే. ఒక్క కొలత లేదు. ట్యాంకు రేకు మందం ఎంతో, హై లెవెల్ అలారం (ట్యాంకు మరీ నిండితే మోగేది) చివరిసారి నిజంగా ఎప్పుడు మోగిందో, పూడ్చిన పైపుకి టెస్టు ఎప్పుడు చేశారో ఎక్కడా లేదు. మేనేజ్‌మెంట్ కొత్త షెడ్యూల్ తయారు చేయమంది. ట్యాంకులు ఖాళీ చేసి లోపలికి దిగి చూడటం తప్పదా, బయట నుంచి మందం కొలిస్తే చాలదా? అలారం ఎలా టెస్టు చేయాలి? ప్యానెల్ మీద టెస్ట్ బటన్ ఉంది, అది నొక్కితే మోగుతోంది. పూడ్చిన పైపు సంగతి అయితే నాకు అసలు తోచడం లేదు. మా సైటు కింది పక్కనే కాలువ ఉంది, ఒకసారి ఆయిల్ అందులోకి వెళ్తే ఆపడం మా చేతిలో ఉండదు. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను.

తుప్పు పరీక్ష

నమస్తే అండీ. నేను ట్యాంకుల ఇన్‌స్పెక్షన్ పనిలోనే ఉన్నాను కాబట్టి ట్యాంకు వరకు చెప్తాను, మిగతావి ఆ పని తెలిసినవాళ్లు చెప్తారు.

నేల మీద కూర్చున్న ట్యాంకులో భయపడాల్సింది గోడ గురించి కాదు, అడుగు ప్లేట్ల గురించి. గోడకు చిల్లి పడితే మరక కనబడుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. అడుగు ప్లేటు కింద నుంచి తుప్పు పట్టి చిల్లి పడితే ఆయిల్ నేరుగా మట్టిలోకి దిగిపోతుంది, నెలల తరబడి ఎవరికీ తెలియదు, చివరికి ఏ బావిలోనో వాసన వచ్చినప్పుడు బయటపడుతుంది. బయట నుంచి గోడ మందం ఎన్నిసార్లు కొలిచినా అడుగు గురించి ఒక్క ముక్క తెలియదు. కాబట్టి మీ రెండు పెద్ద ట్యాంకులకు ఏదో ఒక రోజు ఖాళీ చేసి, గ్యాస్ ఫ్రీ చేసి (లోపలి ఆవిరి పూర్తిగా పోగొట్టి), లోపలికి దిగి చూడటం తప్పదు. లోపల అడుగంతా మాగ్నెటిక్ ఫ్లక్స్ స్కానర్‌తో (అయస్కాంతంతో రేకు పలచబడ్డ చోటు పట్టే పరికరం) తిప్పితే కింది వైపు తుప్పు ఎక్కడుందో దొరుకుతుంది, అనుమానం ఉన్న చోట అల్ట్రాసోనిక్‌తో మందం చూసుకుంటారు. లోపలికి దిగేది మాత్రం కన్ఫైన్డ్ స్పేస్ పర్మిట్ (మూసి ఉన్న ఇరుకు చోట్లలోకి దిగడానికి రాతపూర్వక అనుమతి) ఉన్నప్పుడే, ఆక్సిజన్, మండే ఆవిరి కొలిచాకే, బయట కాపలా మనిషి ఉండగానే. ఆయిల్ కారకుండా చూడటానికి పోయి మనిషిని పోగొట్టుకోకూడదు.

ఎన్నేళ్లకోసారి అంటే, ఎక్కువమంది పాటించేది ఏపీఐ 653, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ట్యాంకు తనిఖీ ప్రమాణం. అందులో ఉన్నది స్థూలంగా ఇదీ: సైటు వాళ్లే నెలకోసారి చుట్టూ తిరిగి కళ్లతో చూడాలి, అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్ బయటి తనిఖీ అయిదేళ్లు దాటకూడదు, తుప్పు వేగం ఎక్కువుంటే ఇంకా ముందే చేయాలి. గోడ మందం కొలతకి, తుప్పు వేగం తెలియకపోతే అయిదేళ్లు, తెలిస్తే గరిష్ఠంగా 15 ఏళ్లు. లోపలి తనిఖీ గడువు అడుగు ప్లేటు ఎంత వేగంగా పోతోందన్న దాన్ని బట్టి తేలుతుంది. వచ్చే తనిఖీ నాటికి అడుగు మందం మామూలుగా 2.5 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదన్నది లెక్క. కింద లీకు పట్టే ఏర్పాటు లాంటివి ఉంటే ఇందులో సడలింపు ఉంది.

‘ఓకే’ అని రాయడం వల్ల నష్టం ఏమిటో ఒక ఉదాహరణతో చూడండి. గోడ రేకు కొత్తలో 8 మిల్లీమీటర్లు, 12 ఏళ్ల తర్వాత కొలిస్తే 6.2 వచ్చిందనుకోండి. పోయింది 1.8, అంటే ఏడాదికి 0.15. ఆ ట్యాంకు ఎత్తుకి, ఆయిల్ బరువుకి కావలసిన కనీస మందం 4 అని లెక్క తేలితే మిగిలింది 2.2 మిల్లీమీటర్లు. ఇదే వేగంతో పోతే సుమారు 14న్నర ఏళ్లు. అందులో సగానికి, అంటే దాదాపు ఏడేళ్లకి, మళ్లీ మందం కొలవాలి. నాలుగో వంతుకి, అంటే మూడున్నరేళ్లు దాటగానే, బయటి తనిఖీ రావాలి. అంకె రాసి ఉంటేనే ఈ లెక్క వస్తుంది. మీ దగ్గర పాత అంకెలు లేవు కాబట్టి ఇప్పుడు కొలిచేదే మీకు మొదటి గీత. ప్రతిసారీ అదే చోట కొలిచేలా గోడ మీద పెయింటుతో గుర్తులు పెట్టించండి, లేకపోతే రెండో కొలతని మొదటిదానితో పోల్చలేరు.

నెలవారీ నడకలో గోడా అడుగూ కలిసే అంచు చుట్టూ వంగి చూడండి. అక్కడ మట్టి పేరుకుని గడ్డి మొలిచి ఉంటే ముందు అది తీయించాలి, తడి నిలిచి తుప్పు పట్టేది అక్కడే. పెయింటు బుడగలు, పెచ్చులు, పునాది ఒక పక్కకి కుంగడం, పునాది అంచు కింద నూనె చెమ్మ, ఇవన్నీ ఫొటోతో సహా రాసుకోండి. కుంగడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2020 మే 29న రష్యాలోని నోరిల్స్క్‌లో ఒక పవర్ ప్లాంటు డీజిల్ ట్యాంకు పునాది కుంగి పగిలిపోయి దాదాపు 21 వేల టన్నుల డీజిల్ బయటికి పోయింది, చాలావరకు నదుల్లో కలిసింది.

ఇంకొకటి, డీజిల్ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. ఆ నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి వదిలే ఆమ్లాలు ప్లేటుని లోపల నుంచి తింటాయి. డిప్ రాడ్‌కి (మట్టం కొలిచే కడ్డీ) వాటర్ ఫైండింగ్ పేస్టు రాసి దింపితే నీళ్లెంత ఉన్నాయో రంగు మారి తెలుస్తుంది. ఆ నీళ్లు క్రమం తప్పకుండా తీసేస్తే అడుగు ప్లేటు ఆయుష్షు చాలా పెరుగుతుంది. ఎవరూ పట్టించుకోని పని ఇది, ఖర్చు దాదాపు లేనిది.

లూప్ చెక్

అలారం గురించి నేను చెప్తాను, నాది ఇన్‌స్ట్రుమెంట్ విభాగం.

అన్నా, ప్యానెల్ మీద టెస్ట్ బటన్ నొక్కితే హారన్, దీపం బాగున్నాయని మాత్రమే తెలుస్తుంది. ట్యాంకు పైన ఉన్న స్విచ్ బతికుందో లేదో దానికి తెలియదు. టెస్టు అంటే ట్యాంకు మీద ఫ్లోట్ (ఆయిల్ మీద తేలుతూ స్విచ్‌ని కదిలించేది) నిజంగా పైకి లేవాలి, ఆ సిగ్నల్ కేబుల్ గుండా ప్యానెల్‌కి రావాలి, హారన్ మోగాలి, పంపు ఆగాలి లేదా ఇన్లెట్ వాల్వ్ మూసుకోవాలి. ఆ చివరి పని జరిగేదాకా టెస్టు పూర్తి కాలేదు. మధ్యలో రిలే (సిగ్నల్ అందుకుని పంపుని ఆపే విద్యుత్ స్విచ్) అతుక్కుపోయి హారన్ మోగినా పంపు ఆగని సందర్భాలు ఉంటాయి. వాల్వ్ మూసుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాయండి, అది ఏటేటా పెరుగుతుంటే యాక్చువేటర్ (వాల్వ్‌ని కదిలించే యంత్రం) మొరాయించబోతోందని ముందే తెలుస్తుంది.

ఇందులో అందరూ చదవాల్సిన కేసు ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపో. 2005 డిసెంబరు 11, తెల్లవారుజామున 912 నంబరు ట్యాంకులోకి పెట్రోలు ఎక్కుతోంది. మూడు గంటల ప్రాంతంలో లెవెల్ గేజ్ ఇరుక్కుపోయి ఒకే అంకె చూపిస్తూ ఉండిపోయింది, ట్యాంకు మాత్రం నిండుతూనే ఉంది. గేజ్ మోసం చేసినా కాపాడాల్సిన విడి హై లెవెల్ స్విచ్ ఒకటుంది. దాన్ని టెస్టు చేయడానికి ఒక లివర్ ఉంటుంది, టెస్టయ్యాక ఆ లివర్ని సరైన స్థానంలో నిలిపి ఉంచడానికి తాళం వేయాలి. ఆ తాళం అక్కడ లేదు. దాంతో లివర్ జారి, ఆ స్విచ్ పనిచేయని స్థితిలో ఉండిపోయింది. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పెట్రోలు పొంగి పొర్లింది, ఆరు గంటలకు పేలుడు, 43 మందికి గాయాలు. ఆ గేజ్ అంతకుముందు ఆగస్టు చివరి నుంచి అప్పటిదాకా 14 సార్లు ఇరుక్కుపోయిందని తర్వాత దర్యాప్తులో తేలింది. ప్రతిసారీ ఏదోలా కదిలించి నడిపించారు తప్ప కారణం వెతకలేదు.

నేను దీన్నుంచి పట్టుకున్నవి రెండు. టెస్టు చేసినవాడే ‘తిరిగి మామూలు స్థితిలో పెట్టాను’ అని సంతకం చేస్తే చాలదు, ఇంకో మనిషి ట్యాంకు ఎక్కి కళ్లతో చూసి సంతకం చేయాలి. లివర్, బైపాస్ కీ (అలారాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టేది), కేబుల్ జంక్షన్ బాక్స్ మూత, అన్నీ. రెండోది, గేజ్ ఒకసారి ఇరుక్కుంటే అది చిన్న ఫిర్యాదు కాదు, దాని చరిత్ర రాసి పెట్టాలి.

ఫ్లోట్ ఎలా లేపాలి అంటారా, స్విచ్ రకాన్ని బట్టి తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది. అది లేకుండా చేయి పెట్టొద్దు. ట్యాంకుని నిజంగా పొంగే మట్టం దాకా నింపి టెస్టు చేసే పని మాత్రం వద్దే వద్దు, స్విచ్ పనిచేయకపోతే మీరే స్పిల్ చేసినట్టవుతుంది.

అలారం మట్టం ఎక్కడ పెట్టారో కూడా ఒకసారి లెక్క వేసుకోండి. ట్యాంకు వ్యాసం 3 మీటర్లయితే అడుగు వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. గంటకు 30 ఘనపు మీటర్ల పంపు అంటే నిమిషానికి అర ఘనపు మీటరు, మట్టం నిమిషానికి 7 సెంటీమీటర్లు పెరుగుతుంది. అలారం విని మనిషి నడిచి వెళ్లి వాల్వ్ మూయడానికి 10 నిమిషాలు పట్టేట్టయితే 70 సెంటీమీటర్లు పైకి వచ్చేస్తుంది. అలారానికీ పొంగే అంచుకీ మధ్య అంతకంటే తక్కువ ఖాళీ ఉంటే ఆ అలారం మోగినా లాభం లేదు. ఆ 10 నిమిషాలు కూడా ఊహించి రాయకండి. చీకట్లో, వానలో, ఒక్కడే డ్యూటీలో ఉన్నప్పుడు ఎంత పడుతుందో నడిపించి చూడండి.

చిన్న యూనిట్

ఇవన్నీ రిఫైనరీలకు సరే కానీ మా లాంటి చిన్న చోట ఇంత అవసరమా? మా దగ్గర రెండు చిన్న ట్యాంకులు స్టాండు మీద ఉన్నాయి, వారానికోసారి చుట్టూ తిరిగి చూస్తాం, ఇప్పటిదాకా ఏమీ కాలేదు. మందం కొలిచేవాళ్లని పిలవడం, పేపర్లు, ఇవన్నీ అదనపు భారం అనిపిస్తోంది.

తుప్పు పరీక్ష

స్టాండు మీద ఉండి, కింద కూడా వంగి చూడగలిగితే, కారితే చుట్టూ పట్టే ఏర్పాటు ఉంటే మీరు చేస్తున్నది చాలావరకు సరైనదే అండీ. ఫ్యాక్టరీలో తయారై వచ్చే చిన్న ట్యాంకులకు ఎస్‌టీఐ (స్టీల్ ట్యాంక్ ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ001 అని వేరే ప్రమాణమే ఉంది. అందులో కింద లీకు కనబడేలా ఉన్న చిన్న ట్యాంకులకి సైటు వాళ్లు క్రమంగా చూసి రాయడమే ప్రధానం. మన ప్రశ్న అడిగినవారి డే ట్యాంకు కూడా ఈ కోవలోదే. సాడిల్‌కి, ట్యాంకుకి మధ్య నీళ్లు నిలిచే సందు మాత్రం టార్చి వేసి చూడండి.

ఇప్పటిదాకా ఏమీ కాలేదు అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. అమెరికాలో ఆయిల్ స్పిల్ నివారణ నియమాలు భూమిపైన మొత్తం నిల్వ 1,320 గ్యాలన్లు, అంటే దాదాపు 5 వేల లీటర్లు, దాటితే వర్తించవచ్చు. లెక్కలోకి 55 గ్యాలన్ల డ్రమ్ము కూడా వస్తుంది. అంత చిన్న నిల్వ నుంచి కూడా నీళ్లలోకి చేరితే చేసే నష్టం పెద్దదని గుర్తించే అలా పెట్టారు. మీ ప్రాంతంలో ఏ నియమం ఉందో మీ లైసెన్సు షరతుల్లో చూసుకోండి, అవి కఠినంగా ఉంటే అవే పాటించాలి.

డైక్ గోడ

డైక్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నేను సైటుకి వెళ్తే మొదట చూసేది వాన నీళ్లు వదిలే వాల్వే, ఎందుకంటే అది తెరిచి ఉంటే ట్యాంకు ఎంత బాగున్నా గోడ ఎంత ఎత్తున్నా అక్కరకు రావు. అది ఎప్పుడూ మూసి, తాళం వేసి ఉండాలి. వాన పడ్డాక ఎవరో ఒకరు వెళ్లి నీటి మీద నూనె పొర మెరుస్తోందా అని చూసి, లేకపోతేనే తెరిచి, అక్కడే నిలబడి ఖాళీ చేయించి, మూసి, ఎప్పుడు తెరిచారు ఎప్పుడు మూశారు రిజిస్టర్లో రాయాలి. ‘తర్వాత వచ్చి మూస్తాలే’ అని పోతే ఇక అంతే. వాల్వ్ మూసినా సీటు దగ్గర ఇసుక ఇరుక్కుని కారుతుంటుంది. డైక్‌లో నీళ్లు ఉన్నప్పుడు బయటి చివర చూడండి, చుక్కలు పడుతుంటే రిపేరుకి పెట్టండి.

గోడకి పగుళ్లు, ముఖ్యంగా పైపు గోడలోంచి దూరే చోట, కాంక్రీటు జాయింట్ల దగ్గర. బన్స్‌ఫీల్డ్‌లో కూడా డైక్ గోడల జాయింట్లు, పైపు దూరిన చోట్లే మంటలకి తట్టుకోలేక ఇంధనం, మంటలార్పే నీళ్లు బయటికి కారాయి. అనుమానం ఉంటే కొంత ఎత్తు నీళ్లు నిలబెట్టి గోడ మీద గీత గీసి, ఒక రోజు తర్వాత చూడండి. పక్కనే అదే మట్టంలో ఒక బకెట్ నీళ్లు కూడా పెట్టండి. రెండూ ఒకేలా తగ్గితే అది ఎండకి ఆవిరైంది, డైక్ ఎక్కువ తగ్గితే కారుతోంది. డైక్‌లో ఖాళీ జాగా అతి పెద్ద ట్యాంకు నిండా ఉన్న ఆయిల్‌కి, పైన వాన నీటికి కూడా సరిపోవాలి. చాలాచోట్ల 110 శాతం అని లెక్క వేస్తారు. తర్వాత ఎవరో లోపల పంపు దిమ్మ కట్టినా, సామాను పెట్టినా ఆ జాగా తగ్గిపోతుంది, అది మళ్లీ లెక్క వేయాలి.

కాలువ పక్కనే ఉందన్నారు కదా, ఒక పని తప్పకుండా చేయండి. యార్డులో ఉన్న ప్రతి డ్రెయిన్ ఎక్కడికి పోతుందో రంగు నీళ్లు పోసి కనుక్కోండి, డ్రాయింగుని నమ్మొద్దు. 1988 జనవరి 2న పెన్సిల్వేనియాలోని ఫ్లోరెఫ్‌లో ఒక డీజిల్ ట్యాంకు నిలువునా చీలిపోయి దాదాపు 38 లక్షల గ్యాలన్లు ఒక్కసారిగా బయటపడింది. ఆ ఉధృతికి కొంత డైక్ మీద నుంచి దూకి, పక్క స్థలంలోని వాన నీటి డ్రెయిన్ గుండా మొనోంగహేలా నదిలోకి వెళ్లింది. అది 40 ఏళ్ల పాత ట్యాంకు, ఇంకో చోట విప్పి ఇక్కడ తిరిగి కట్టారు, కట్టాక నిండా నీళ్లు నింపి చేసే హైడ్రో టెస్టు చేయలేదు. ఆ కొత్త చోట తొలిసారి పూర్తిగా నింపుతున్నప్పుడే పగిలింది. కాబట్టి పెద్ద రిపేరు చేసిన ట్యాంకు, చోటు మార్చిన ట్యాంకు కనబడితే హైడ్రో టెస్టు రిపోర్టు అడగకుండా వదలొద్దు.

హోస్‌లు (ఆయిల్ ఎక్కించే గొట్టాలు), డ్రమ్ముల గురించి త్వరగా: హోస్ మీద ఉబ్బు, కప్లింగ్ దగ్గర పగుళ్లు ఉంటే రిపేరు వద్దు, తీసి పారేయండి. ఏడాదికోసారి ప్రెజర్ టెస్టు చేయించి హోస్‌కి తేదీ ట్యాగు కట్టండి. డ్రమ్ముల కింద స్పిల్ ప్యాలెట్ (కారిన నూనె పట్టే తొట్టి) ఉందా, అందులో ఇప్పటికే నూనె నిండిపోయి ఉందా చూడండి. ట్యాంకు వెంట్ (గాలి ఆడే గొట్టం) జాలీ మూసుకుపోలేదని కూడా చూడండి.

యార్డ్ ఇన్‌ఛార్జ్

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. డ్రెయిన్ వాల్వ్‌కి తాళం లేదు, ఇవాళే వేయించాను. పూడ్చిన పైపు గురించి ఎవరైనా చెప్తారా? గాలి పట్టించి ప్రెజర్ పెట్టి చూద్దామని మా ఫోర్‌మన్ అంటున్నాడు. ఇంకో సంగతి, లోపలి తనిఖీకి షట్‌డౌన్ దొరకడానికి చాలా టైమ్ పడుతుంది, అప్పటిదాకా అడుగు కారడం లేదని నమ్మకం ఎలా?

లూప్ చెక్

గాలితో వద్దని చెప్పండి. నీళ్లు కుదించుకోవు కాబట్టి పైపు పగిలినా ప్రెజర్ వెంటనే పడిపోతుంది. నొక్కిన గాలి మాత్రం బాంబులా విడుదలవుతుంది, పైగా లోపల డీజిల్ ఆవిరి ఉన్న పైపులోకి గాలి పంపడం మంట ప్రమాదం కూడా. నీళ్లతో చేయండి, ప్రెజర్ ఎంతో పైపు డిజైన్ తెలిసిన ఇంజనీరు తేల్చాలి. రెండు చివరలూ వాల్వులు మూసి కాదు, బ్లైండ్ ప్లేట్లు (దారి పూర్తిగా మూసే రేకులు) వేసి వేరు చేయాలి. వాల్వులు లోపల నుంచి కారతాయి, ప్రెజర్ పడితే పైపు కారిందో వాల్వ్ కారిందో తెలియదు. టెస్టు నీళ్లలో నూనె ఉంటుంది, వాటిని డ్రెయిన్లోకి వదలకండి. పైపుకి కాథోడిక్ ప్రొటెక్షన్ (తుప్పు పట్టకుండా చిన్న విద్యుత్ ప్రవాహంతో కాపాడే ఏర్పాటు) ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు మైనస్ 850 మిల్లీవోల్టులు, లేదా అంతకంటే నెగెటివ్‌గా, రావాలన్నది మామూలు కొలబద్ద. వీలైతే ఆ ముక్కని భూమి మీదకి తెచ్చేయడమే అన్నిటికన్నా మంచిది, కళ్లకు కనబడే పైపుకి సగం టెస్టులు అక్కర్లేదు.

తుప్పు పరీక్ష

షట్‌డౌన్ దాకా ఒక చిన్న పని చేయొచ్చు. ట్యాంకులోకి, బయటికి ఏ కదలికా లేని సెలవు రోజులు చూసుకుని, వాల్వులన్నీ మూసి, మొదట్లో ఒకసారి చివర ఒకసారి డిప్ టేప్‌తో మట్టం, దానితోపాటు ఆయిల్ ఉష్ణోగ్రత కొలవండి. ఉష్ణోగ్రత మర్చిపోవద్దు. డీజిల్ ఒక డిగ్రీకి వెయ్యి లీటర్లకు దాదాపు 0.8 లీటరు పెరుగుతుంది, తగ్గుతుంది. 20 వేల లీటర్లు 5 డిగ్రీలు చల్లబడితే దాదాపు 80 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. 3 మీటర్ల ట్యాంకులో అది ఒక సెంటీమీటరుకి పైనే, కారకుండానే. ఆ సవరణ చేశాక కూడా మట్టం తగ్గుతుంటే, మళ్లీ చేసినా తగ్గుతుంటే, షట్‌డౌన్ కోసం ఆగకుండా ట్యాంకు ఖాళీ చేయించండి. ఈ పద్ధతిలో సన్నటి లీకులు దొరకవు, అందుకని లోపలి తనిఖీని వాయిదా వేయడానికి దీన్ని సాకుగా చూపించనివ్వొద్దు.

మొదటి రీడింగులు తీశాక, డిప్ టేప్ అంకె, లెవెల్ గేజ్ అంకె, ఉష్ణోగ్రత మూడూ పక్కపక్కన రాసి ఇక్కడ పెట్టండి. గేజ్‌కీ టేప్‌కీ తేడా ఎంత వస్తోందో చూసి చెప్తాం.